రెండో తరం మియాటానా, ఎంఆర్2 స్పైడరా? రెండూ నడిపినవారు ఏది ఉంచుకుంటారు?

రెండుసీట్లు:
నేను కాలిఫోర్నియాలో ఉంటున్నాను. రోజూ ఆఫీసుకు వెళ్ళడానికి ఇంట్లో వేరే కారు ఉంది కనుక, వారాంతాల్లో కొండదారుల మీద నడుపుకోవడానికి పాత రెండు సీట్ల కారు ఒకటి కొనాలనుకుంటున్నాను. నా స్తోమతకు రెండే మిగిలాయి: 1999–2005 నాటి రెండో తరం మాజ్డా మియాటా, 2000–2005 నాటి టొయోటా ఎంఆర్2 స్పైడర్. ఎవరిని అడిగినా మియాటాయే కొనమంటున్నారు. ఎంఆర్2కు డిక్కీ లేదని, మలుపులో వెనక భాగం జారిపోతుందని, ఇంజిను నమ్మదగినది కాదని చెబుతున్నారు. ఈ మూడింటిలో ఏది ఎంతవరకు నిజమో యజమానులు చెప్పగలరా?

కొండదారి:
నా దగ్గర 2000 మోడల్ మియాటా, 2001 మోడల్ ఎంఆర్2 రెండూ ఉన్నాయి. ఒక్కటే ఉంచుకోవలసి వస్తే నేను ఎంఆర్2నే ఉంచుకుంటాను.

కాగితం మీద చూస్తే ఇవి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజినులే. మియాటాది 140 హార్స్‌పవర్, ఎంఆర్2ది 138. ఎంఆర్2 బరువు సుమారు 1,000 కిలోలు, మియాటా దానికంటే కొంచెం ఎక్కువ. అసలు తేడా ఇంజిను ఉన్న చోటులో ఉంది. మియాటాలో అది ముందుంటుంది, ఎంఆర్2లో సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు ఉంటుంది. ముక్కు మీద బరువు తక్కువ కావడం వల్ల ఎంఆర్2కు ముందు 185 వెడల్పు టైర్లు, వెనక 205 వెడల్పు టైర్లు సరిపోయాయి. స్టీరింగు ఎంతో తేలికగా ఉండి, చెయ్యి కదిపిన మరుక్షణమే ముక్కు తిరుగుతుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. మియాటాలో అది 2,265 మాత్రమే. మొత్తం పొడవులో మాత్రం ఎంఆర్2యే చిన్నది. చక్రాలు నాలుగు మూలలకూ జరిగి ఉన్నందువల్ల గతుకుల మీద అది ఎగిరిపడదు. హైవే 84 మీద లా హోండా వైపు దిగేటప్పుడు నీడ పడిన మలుపుల్లో రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటుంది; అక్కడ ఈ గుణం ఎంత విలువైనదో తెలుస్తుంది. మలుపు దాటేటప్పుడు బరువు ఎక్కువగా ఇంజిను తిప్పే వెనక చక్రాల మీదే ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్‌ను ముందుగానే నొక్కవచ్చు.

గేరు విషయంలో మాత్రం మియాటాకు సాటి లేదు. దాని గేరుకర్ర సరాసరి గేర్‌బాక్సు మీదే నిలబడి ఉంటుంది, మణికట్టు కదిపితే చాలు. ఎంఆర్2లో పొడవాటి కేబుళ్ళ ద్వారా వెళ్ళాలి కనుక ఆ స్పష్టత రాదు.

వెనక భాగం జారిపోతుందన్న చెడ్డపేరు ఎక్కువగా దీనికి ముందు తరం ఎంఆర్2 తెచ్చిపెట్టినది. దాని సస్పెన్షన్‌ను టొయోటా 1990ల ఆరంభంలో మార్చింది కూడా. స్పైడర్ అంతకంటే చాలా సౌమ్యమైనది. అయినా మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీదనుంచి ఒక్కసారిగా కాలు తీస్తే, అందులోనూ రోడ్డు తడిగా ఉంటే, అది క్షమించదు.

డిక్కీ లేదన్న మాట నిజమే. సీట్ల వెనక తాళం వేసుకునే అర ఉంది, ముందు బానెట్ కింద స్పేర్ టైరు ఉంది. ఇద్దరు రెండు రోజుల ప్రయాణం చేయాలంటే మియాటాయే నయం. మీరు వేరే కారు ఉందంటున్నారు కనుక ఇది మీ నిర్ణయాన్ని మార్చకూడదు.

మీ నిర్ణయాన్ని మార్చగలిగేది ఎంఆర్2 ఇంజిను సంగతి. తొలి ఏళ్ళ ఇంజినులలో పిస్టన్ల మీద ఆయిల్ వెనక్కి దిగే రంధ్రాలు చాలినంత లేక, రింగులు మసితో బిగుసుకుపోయి, ఆయిల్ తాగడం మొదలవుతుంది. తర్వాత టొయోటా ఆ పిస్టన్లను మార్చింది. దీనితో పాటు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే, అంటే ఇంజిను నుంచి పొగ బయటికి వచ్చే గొట్టాల్లోనే, రెండు చిన్న ప్రీ-కేటలిటిక్ కన్వర్టర్లు (పొగలోని విషవాయువులను తగ్గించే జల్లెడలాంటి భాగాలు) ఉంటాయి. అవి పొడి పొడిగా విరిగితే ఆ ముక్కలు సిలిండర్లలోకి వెళ్ళి గోడలను గీరేస్తాయి. వాటిని ముందే ఖాళీ చేయించమని చాలామంది సలహా ఇస్తారు. కాలిఫోర్నియాలో అది చట్టవిరుద్ధం. 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఇక్కడ రెండేళ్ళకొకసారి పొగ పరీక్ష ఉంటుంది, అందులో భాగాలు ఉన్నాయో లేదో కంటితో కూడా చూస్తారు.

గ్యారేజీమనిషి:
కొండదారి గారు నడపడం గురించి చెప్పినవి నేను కాదనను. కారు సొంతం చేసుకోవడమంటే నడపడం ఒక్కటే కాదు గదా. 1989లో షికాగో ఆటో షోలో మొదట కనిపించిన మియాటా అన్ని తరాలూ కలిపి 2016 నాటికి పది లక్షలు దాటింది. అందుకే ఏ చిన్న భాగమైనా, పాతదో కొత్తదో, దొరుకుతుంది. ఎంఆర్2 స్పైడర్‌కు బంపరో, లైటో, పై కప్పు గుడ్డో పాడైతే నెలల తరబడి వెతకాలి. పైగా దాని రేడియేటర్ ముందు, ఇంజిను వెనక ఉన్నందున కూలెంట్ మార్చినప్పుడల్లా పొడవాటి గొట్టాల్లోని గాలిని ఓపికగా తీయాలి. మియాటాలో బానెట్ ఎత్తితే అన్నీ చేతికందుతాయి.

నేర్చుకునేవారికి మరో ముఖ్యమైన సంగతి ఉంది. మియాటా తన హద్దు దగ్గరకు వస్తున్నప్పుడు ముందుగానే చెబుతుంది, ఒరిగి, నెమ్మదిగా జారి, సరిదిద్దుకోవడానికి సమయం ఇస్తుంది. అమెరికాలో స్పెక్ మియాటా అనే పోటీ తరగతి అంతగా వేళ్ళూనడానికి చౌకదనంతో పాటు ఈ గుణం కూడా కారణమని నా నమ్మకం.

కొండదారి:
బాడీ భాగాల గురించి మీరు చెప్పింది పూర్తిగా సరైనదే, అది ఎంఆర్2 యజమాని భరించవలసిన బరువే. ఇంజిను భాగాలకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. అదే వంశపు ఇంజిను ఆ కాలపు కొరోలాలోనూ సెలికాలోనూ ఉంది. దానికి టైమింగ్ చైన్ ఉంటుంది, మియాటాకు గడువు ప్రకారం మార్చవలసిన బెల్టు ఉంటుంది. నేర్చుకునే విషయంలో నేను ఏకీభవించను. కాలు అదుపులో ఉంచుకోవడం నేర్పని కారు కంటే, అది తప్పనిసరి చేసే కారు మంచి గురువని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ పాఠం రద్దీ రోడ్డు మీద కాక, ట్రాక్ మీద శిక్షకుడి పక్కన నేర్చుకోవాలి.

రెండుసీట్లు గారు, మీరు ఎంఆర్2 చూడటానికి వెళితే ఇంజిను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. నీలిపొగ వస్తే వెనక్కి రండి. మానిఫోల్డ్ మీది ఆక్సిజన్ సెన్సర్లను విప్పించి, టార్చి వేసి లోపలి జల్లెడ చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడండి. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దు. ఇక్కడ పొగ పరీక్ష పత్రం ఇచ్చే బాధ్యత అమ్మేవారిదే కాబట్టి అది చేతికి రానిదే డబ్బు ఇవ్వవద్దు. చివరగా వెనక టైర్లు చూడండి. రెండూ వేర్వేరు కంపెనీలవైతే, ఇల్లు చేరకముందే మార్పించండి.