సింగ్‌నగర్ మొదటి అంతస్తు ఫ్లాటు: వరద పేరు చెప్పి ధర తగ్గించమనడం న్యాయమేనా?

పాయకాపురం రోడ్డు:
విజయవాడ సింగ్‌నగర్‌లో మాది మొదటి అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్. కింద అంతా పార్కింగే. అమ్మకానికి పెట్టాను. వచ్చిన ప్రతివాడూ చెప్పులు విప్పకముందే "బుడమేరు వాగు నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ" అంటాడు, నేను నోరు తెరిచేలోపే నాలుగైదు లక్షలు కోసేస్తాడు. 2024 సెప్టెంబరు 1న పార్కింగ్ మునిగింది, బండ్లు పోయాయి, లిఫ్టు మోటారు పోయింది. మా గడప మాత్రం తడవలేదు. తడవని ఇంటికి ధర ఎందుకు తగ్గించాలి?

కానూరు అద్దెవాసి:
నేనూ ఇల్లు కొనాలని చూస్తున్నవాణ్నే, ఒక్క ప్రశ్న. వరద సాయం కింద నేల మీద ఇళ్లకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ఇచ్చారు. మీరు ఆ పదివేలు తీసుకున్నారా లేదా?

పాయకాపురం రోడ్డు:
తీసుకున్నాం. అది ఇంట్లోకి నీళ్లు వచ్చాయని ఇచ్చింది కాదు. కరెంటు లేక, తాగడానికి నీళ్లు లేక, పాలప్యాకెట్ కోసం పడవ ఎప్పుడొస్తుందా అని బాల్కనీలో నిలబడినందుకు ఇచ్చింది.

కానూరు అద్దెవాసి:
బాగుంది. వార్డు సచివాలయం వాళ్లు వచ్చి రాసుకున్నప్పుడు వరద బాధితులు, కొనేవాడు వచ్చినప్పుడు వరద రాని ఇల్లు.

బ్రాడీపేట బాబాయ్:
పదివేల కోసం ఇంత గొడవా! గుంటూరొచ్చేయండి, ఇక్కడ బుడమేరు లేదు.

లింకు డాక్యుమెంట్:
ఆస్తి బదలాయింపు చట్టం, 1882, సెక్షన్ 55 ఒకసారి చూడండి. ఆస్తిలో ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేనిదైతే చెప్పి తీరాలి. వరద సంగతి టీవీలన్నీ చూపించాయి కాబట్టి దాచినట్టు కాదనే నా అభిప్రాయం. ఇంకోటి, మీరు ఎంతకి తగ్గించి అమ్మినా స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం. ఒప్పుకున్న ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీదే కట్టాలి. విలువలు 2025 ఫిబ్రవరి 1 నుంచి మారాయి, పాత లెక్కలతో బేరానికి కూర్చోకండి.

కానూరు అద్దెవాసి:
సెక్షన్ల సంగతి తర్వాత మాస్టారూ. పదివేలు తీసుకున్న ఇల్లు వరద ఇల్లా కాదా, అది తేల్చండి ముందు.

వెలగలేరు లాకులు:
మీ పదివేలు పక్కన పెట్టండి బాబూ, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. వెలగలేరు దగ్గర బుడమేరు మీద రెగ్యులేటర్, అక్కడి నుంచి డైవర్షన్ కాలవ పోయి ఇబ్రహీంపట్నం వైపు బ్యారేజీకి పైనే కృష్ణలో కలుస్తుంది. కృష్ణ మామూలుగా ఉంటే ఏ గొడవా లేదు. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ఏకంగా 11.43 లక్షల క్యూసెక్కులు, ఇక కాలవ నీళ్లు ఎక్కడికి పోతాయి? కట్టకి గండ్లు పడ్డాయి, ఊరి మీదకి వచ్చాయి. 2005లోనూ బుడమేరు ముంచింది, అప్పుడూ కొన్నాళ్లు మాట్లాడుకుని మర్చిపోయాం, మళ్లీ వెంచర్లు వేశారు, మళ్లీ కొన్నాం. కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంక చూడండి, రిటైనింగ్ వాల్ కట్టాక అంత వరదలోనూ చాలామటుకు నిలబడింది. బుడమేరుకి అలాంటి శాశ్వత పని పూర్తయితే మీ ధర మీకొస్తుంది, అప్పటిదాకా ఎవడి భయం వాడిది.

పాయకాపురం రోడ్డు:
ఆ భయాన్నే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. పీనుగ కోసం చూసే రాబందుల్లా వానాకాలం రాగానే ఫోన్లు.

కానూరు అద్దెవాసి:
రాబందు ఎవరండీ? నోరు అదుపులో పెట్టుకోండి. 2019 డిసెంబరులో మూడు రాజధానులు అన్నారు, ఆ తర్వాత ఏడాదే రాజధాని అమరావతిలో తుళ్లూరు వైపు మా నాన్న కొన్న స్థలం, చెల్లి పెళ్లి ఉందని సగం ధరకి ఇచ్చేశాం. కొన్నాయన "రాజధానే లేదు కదా బాబూ, ఇదే ఎక్కువ" అన్నాడు. 2025 మే 2న మళ్లీ పనులు మొదలయ్యాయి, ఇప్పుడు ఆ స్థలం వైపు చూడాలన్నా కడుపు మండుతుంది. అప్పుడు నా మీద జాలిపడినవాడు ఒక్కడు లేడు. మరి నేనెందుకు పడాలి?

పాయకాపురం రోడ్డు:
చూశారా! భయంతో పడిన ధర మళ్లీ లేస్తుందని మీకు అందరికంటే బాగా తెలుసు. తెలిసే నన్ను తగ్గించమంటున్నారు. నాన్న పోయాక ఈ ఫ్లాటులో అక్క వాటా నేనే కొన్నాను, వరదకి ముందు, అప్పటి ధరకి. ఇప్పుడు తగ్గించి అమ్మితే ఆ నష్టమంతా నాది. అక్కని వెనక్కి ఇవ్వమని అడగనా?

కానూరు అద్దెవాసి:
మీ అక్కాతమ్ముళ్ల లెక్కలు తెచ్చి నా ఈఎంఐలో కలపకండి. తుళ్లూరులో పోయింది నోటిమాట వల్ల, ఇంకో నోటిమాటతో తిరిగొచ్చింది. బుడమేరు నోటిమాట కాదు.

గుణదల కొండ:
ఇంతసేపూ చదివాను. అసలు మీరు ఎందుకు అమ్ముతున్నారు?

పాయకాపురం రోడ్డు:
అమ్మ కోసం. ఆ వరద నుంచి వాన గట్టిగా పడితే రాత్రంతా కూర్చునే ఉంటుంది. పోరంకి వైపు చూస్తున్నాం.

కానూరు అద్దెవాసి:
అదీ విషయం. మీ అమ్మగారు ఉండలేని ఇంట్లో మా అమ్మని ఉంచమంటున్నారు, అదీ పూర్తి ధరకి. గడప తడవలేదు, కోర్టు సెక్షను అంటూ ఇంతసేపు తిప్పారు. మొదటే ఈ ముక్క చెప్పుంటే నేను పదివేల ఊసే ఎత్తేవాణ్ని కాదు.

పాయకాపురం రోడ్డు:
సెక్షన్ చెప్పింది నేను కాదు. అమ్మ భయం అమ్మది, దానికి నేను గోడలు పగలగొట్టి డిస్కౌంట్ ఇవ్వలేను. ఇదే ఫ్లోర్‌లో ఇంకో ఇద్దరు పిల్లాపాపలతో హాయిగా ఉంటున్నారు, వాళ్లు పిచ్చివాళ్లా? ధర మారదు. పార్కింగ్ స్తంభాల మీద నీటి మరక అలాగే ఉంది, రంగు వేయించలేదు, ఎవరైనా వచ్చి కొలుచుకోవచ్చు. మీరు మాత్రం రావద్దు.

కానూరు అద్దెవాసి:
పిలిచినా రాను.

బ్రాడీపేట బాబాయ్:
అబ్బాయ్, మరక సంగతి సరేగానీ కారు పార్కింగ్ ఒకటా, రెండా? మా బావమరిది చూస్తున్నాడు.