డిజిటల్ చిత్రకారుడు క్రెయిగ్ మలిన్స్ చిత్రాలు: జూమ్ చేస్తే మరకలు, దూరం నుంచి నిండు ఓడ. ఎలా?

నీలికుంచె:
పాత తెరచాప ఓడలైనా, రాబోయే కాలపు నగరాలైనా మలిన్స్ వేస్తే తైలవర్ణ చిత్రంలాగే ఉంటాయి. దగ్గరికెళ్తే తాళ్లు లేవు, ముఖాలు లేవు, నాలుగు గీతలే. ఫోటోషాప్‌లో ఆయిల్ బ్రష్‌లతో ప్రయత్నిస్తే అంతా బురదే. తేడా బ్రష్‌దేనా?

వెలుగునీడ:
బ్రష్‌ది కాదండీ, వాల్యూలది, అంటే రంగు ఎంత లేత, ఎంత ముదురు అన్నదానిది. మలిన్స్ ఓడ చిత్రం పైన నలుపు నింపిన లేయర్ (పొర) పెట్టి, దాని బ్లెండ్ మోడ్ (కింది పొరతో కలిసే తీరు) ‘కలర్’కి మార్చండి, రంగులు పోయి వాల్యూలే మిగులుతాయి. డీశాచురేట్ (రంగు తీసేసే కమాండ్) వాడొద్దు, అందులో నిండు పసుపూ నిండు నీలమూ ఒకే బూడిద రంగులోకి వస్తాయి. ఇప్పుడు బొమ్మను 200 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి చూడండి. ఆకాశం, పొగ, ఓడ పొట్ట అని మూడు నాలుగు ముద్దలుగా విడిపోతుంది. ఎండ పడ్డ తెరచాపలో మడతల నీడలున్నా, ఓడ పొట్టంత ముదురుకి ఎక్కడా దిగవు.

బురదకి కారణం మామూలుగా తక్కువ ఒపాసిటీ, అంటే కింది రంగు కనిపించేంత పలుచటి పూత. 20 శాతంతో పదిసార్లు రుద్దితే పక్కపక్క రంగులన్నీ కలిసి మధ్యరకం బూడిదలో పడతాయి. ఒపాసిటీ 80కి పైన ఉంచండి, పెన్ ప్రెషర్‌ని సైజుకి మాత్రమే ఇవ్వండి. గీత వేశాక దాన్ని మళ్లీ కెలక్కండి.

అంచుగీత:
పై మాటకి ఎడ్జ్‌లు (ఆకారాల అంచులు) కూడా కలపాలి. ఎండ తగిలిన పొగ ముందు ఓడ అంచు కత్తిలా ఉంటుంది, అదే పొట్ట నీళ్ల నీడని తాకేచోట రెండూ కలిసిపోతాయి. తాళ్లలో ఒకటి రెండే స్పష్టంగా ఉంటాయి, మిగతావి కన్నే పూరించుకుంటుంది. కానీ ఆ రెండూ తప్పకుండా సరిగ్గా ఉండాలి: పక్కతాళ్లు స్తంభం పైనుంచి ఓడ అంచుల వైపు విచ్చుకుంటూ దిగాలి. నిర్మాణం తెలియకుండా వదిలేస్తే అది పిచ్చిగీతే. మలిన్స్, భవిష్యత్ వాహనాలూ నగరాలూ గీసిన డిజైనర్ సిడ్ మీడ్ ఇద్దరూ అమెరికాలోని ఆర్ట్ సెంటర్ డిజైన్ కాలేజీలో ఇండస్ట్రియల్ డిజైన్ చదివినవాళ్లు. వాళ్ల యంత్రాలకి బరువు కనిపించడంలో ఆ చదువు పాత్ర చాలా ఉందని నా నమ్మకం.

దూరపుకొండ:
భవిష్యత్ నగరాలకీ ఇదే వెలుగు, ఇదే గాలి. దూరపు టవర్లలో ముందు మాయమయ్యేది ముదురు రంగే, అది ఆకాశం వాల్యూ వైపు తేలిపోతుంది. చాలామంది ప్రతి కిటికీకీ కలర్ డాడ్జ్ (కింది రంగుని వెలిగించే బ్లెండ్ మోడ్) కొట్టి అన్నిటినీ 255కి, అంటే అచ్చ తెలుపుకి తెస్తారు. అప్పుడు చూపు నిలిచే చోటే ఉండదు. అచ్చ తెలుపు ఒక్కచోటికే దాచండి. తడి నేల మీద దీపం ప్రతిబింబం అసలు దీపం కంటే కాస్త మసకగా, ముదురు వస్తువుది కాస్త లేతగా వేయాలి. ఈ చిన్న తేడాతోనే నేల నిజంగా తడిసినట్టుంటుంది!

నీలికుంచె:
గ్రేలో వేసి, పైన కలర్ లేయర్ వేస్తే సరిపోతుందా?

వెలుగునీడ:
మొదలుపెట్టడానికి సరిపోతుంది, అక్కడే ఆపితే మాత్రం రంగులద్దిన పాత ఫోటోలా ఉంటుంది. సాయంకాలపు ఎండ పడ్డ వైపు వెచ్చగా, ఆకాశం వెలుగు మాత్రమే చేరే నీడ వైపు చల్లగా ఉండాలి. ఒకే రంగు పూస్తే ఆ తేడా రాదు. అందుకని పైన నార్మల్ లేయర్ తీసుకుని, వాల్యూ మారకుండా వెలుగుకీ నీడకీ వేరే రంగులతో మళ్లీ వేయండి.