ఎకరంన్నర పచ్చికకు కూర్చుని నడిపే మోవర్: లాన్ ట్రాక్టరా, జీరో టర్నా?

ప్రశ్న (దొడ్డబళ్ళాపుర నుంచి)

అందరికీ నమస్కారం. బెంగళూరుకు ఉత్తరాన, దొడ్డబళ్ళాపుర దాటిన తరువాత మా కుటుంబానికి మూడెకరాల స్థలం ఉంది. ఇల్లు, కొబ్బరి చెట్లు, కూరగాయల మడులు పోగా సుమారు 65 గుంటలు, అంటే ఎకరంన్నర పైచిలుకు నేలంతా పచ్చికే. ఇంటి ముందు గరిక జాతి లాన్ వేయించాము. వెనక భాగంలో మాత్రం దానంతట అది మొలిచిన గరిక, తుంగ, వెడల్పాకు గడ్డి కలగాపులగంగా పెరిగి ఉన్నాయి. ముందు నేల చదునుగా ఉంటుంది కానీ, వెనక భాగం ఒక చిన్న కుంట వైపు వాలుగా దిగుతుంది.

ఇంతవరకు 21 అంగుళాల తోపుడు మోవర్‌తోనూ, చెట్ల మొదళ్ళ దగ్గర బ్రష్ కట్టర్‌తోనూ నెట్టుకొస్తున్నాము. జూన్ నుంచి అక్టోబరు వరకు ఒక మూల కోసి రెండో మూలకు చేరేసరికి మొదటి మూల మళ్ళీ మొదటికి వస్తోంది. మా తోటమాలి హిందూపురం వైపు మనిషి, వయసు యాభై దాటింది. ఆయన పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ ఆ వాలు మీద యంత్రాన్ని తోసి తోసి సాయంత్రానికి నడుము పట్టుకుని కూర్చుంటున్నారు. ఆయన కోసమే ప్రధానంగా ఈ కొనుగోలు.

నాలుగు లక్షల వరకు పెట్టగలము. దుకాణంలో జీరో టర్న్ (ఉన్నచోటే గుండ్రంగా తిరగగల మోవర్) తీసుకుంటే సగం సమయంలో పని పూర్తవుతుందని గట్టిగా చెబుతున్నారు. పక్క తోటవారు 15 హార్స్‌పవర్ మినీ ట్రాక్టరుకు స్లాషర్ (వెనక తగిలించే గడ్డి నరికే పరికరం) తగిలించుకుంటే దున్నడానికి కూడా పనికి వస్తుంది కదా అంటున్నారు. అనుభవం ఉన్నవారు ఏది మేలో, ఎందుకు మేలో వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం (కనకపుర రోడ్డు నుంచి)

నమస్కారం అండీ. ఇక్కడ ఒక పెద్ద లేఅవుట్‌లో పచ్చికల నిర్వహణ చూస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ముందుగా ఒక లెక్క. 65 గుంటలంటే దాదాపు 6,570 చదరపు మీటర్లు. 21 అంగుళాల మోవర్ ఒక్కో వరుసకు 53 సెంటీమీటర్లే కోస్తుంది కనుక, వరుసలు ఒకదానిపై ఒకటి పడకుండా నడిచినా మీ తోటమాలి ఒక్క కోతకు 12 కిలోమీటర్లకు పైగా యంత్రాన్ని తోస్తున్నారన్నమాట. మలుపులు, వరుస మీద వరుస కలుపుకుంటే ఇంకా ఎక్కువే. ఆయన నడుము నొప్పికి కారణం వయసు కాదు, ఈ దూరం. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లు ఉండే అడుగు భాగం) ఉన్న రైడింగ్ మోవర్ గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో వెళితే, మలుపులకు పోయే సమయం తీసివేసినా గంటకు సుమారు ఒక ఎకరం కోస్తుంది. మీ స్థలం మొత్తానికి రెండు గంటలు చాలు. కనుక యంత్రం కొనాలన్న మీ ఆలోచన సరైనదే. ఏ యంత్రమన్నది మాత్రం ఆ కుంట వాలే తేలుస్తుంది.

జీరో టర్న్‌కు స్టీరింగ్ చక్రం సాధారణంగా ఉండదు. వెనక చక్రాలు రెండింటికీ వేర్వేరుగా హైడ్రాలిక్ చోదకం ఉంటుంది. రెండు లీవర్లతో వాటి వేగాన్ని మార్చడం ద్వారానే యంత్రం మలుపు తిరుగుతుంది, ఆగుతుంది. ముందు చక్రాలు ఎటు పడితే అటు తిరిగే క్యాస్టర్లు మాత్రమే. చదును నేల మీద, చెట్ల మధ్య దీనికి సాటి లేదు. తడి గడ్డి ఉన్న వాలు మీద వెనక చక్రాలు పట్టు తప్పితే మాత్రం బ్రేకు, మలుపు రెండూ ఒకేసారి చేజారి, యంత్రం ముందు భాగం వాలు ఎటు ఉంటే అటు జారిపోతుంది. కింద కుంట ఉన్నచోట ఈ ప్రమాదాన్ని నేను ఏ ధరకూ ఒప్పుకోను. లాన్ ట్రాక్టరులో ఇంజను ముందు ఉంటుంది, స్టీరింగ్ ముందు చక్రాలకు ఉంటుంది, అందువల్ల వాలు మీద దిశ కొంత మన చేతిలో ఉంటుంది. అయినా దానికీ హద్దు ఉంది. చాలా కంపెనీల పుస్తకాల్లో 15 డిగ్రీలు దాటిన వాలు మీద నడపకూడదనే ఉంటుంది. జీరో టర్న్‌లలో చాలావాటికి 10 డిగ్రీలే.

మీ వాలు ఎంతో కొలవడం తేలిక. వంకర లేని ఒక మీటరు చెక్కను వాలు మీద పెట్టి, పై కొనను నేలకు ఆనించి, మేస్త్రీలు వాడే రసమట్టంతో చెక్కను సమంగా నిలిపి, కింది కొన నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపుతో చూడండి. దాదాపు 18 సెంటీమీటర్లు వస్తే 10 డిగ్రీలు, 27 సెంటీమీటర్లు వస్తే 15 డిగ్రీలు. కుంట గట్టు వెంబడి నాలుగైదు చోట్ల కొలవండి, సగటు తీయకుండా అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఇంకొక ముఖ్యమైన విషయం మీ తోటమాలికి చెప్పాలి. తోపుడు మోవర్‌ను వాలుకు అడ్డంగా నడపాలి. ఆయనకు అదే అలవాటై ఉంటుంది. కూర్చుని నడిపే యంత్రాన్ని అడ్డంగా నడిపితే పక్కకు బోల్తా పడుతుంది కనుక ఎగువ నుంచి దిగువకు, దిగువ నుంచి ఎగువకు మాత్రమే నడపాలి, వాలు మధ్యలో మలుపు తిప్పకూడదు. ఏళ్ళ తరబడి వచ్చిన అలవాటు ఒక్క మాటతో పోదు. మొదటి కొన్ని వారాలు ఎవరో ఒకరు పక్కన ఉండి చూడాలి.

డెక్ విషయంలో 42 అంగుళాలే చాలు. ఇంకా వెడల్పుగా తీసుకుంటే ఎగుడుదిగుడు నేల మీద ఒక అంచు మట్టిని గీరుతుంది, గడ్డి వేళ్ళతో సహా లేచిపోతుంది. పక్క నుంచి గడ్డి చిమ్మే చూట్‌తో కలిపి యంత్రం వెడల్పు డెక్ కంటే దాదాపు ఒక అడుగు ఎక్కువ ఉంటుంది కాబట్టి మీ గేటు, కొబ్బరి చెట్ల మధ్య సందులు ముందే కొలుచుకోండి.

సమాధానం (పీణ్య నుంచి)

పైన చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. చిన్న ఇంజన్ల మరమ్మతు నా వృత్తి కనుక ఇంజను, విడిభాగాల సంగతి నేను చెబుతాను.

మన ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మూడు శాతానికి పైగా శక్తి కోల్పోతుంది. కాబట్టి కాగితం మీద 20 హార్స్‌పవర్ ఉన్నది ఇక్కడ దాదాపు 18గా పని చేస్తుంది. వానాకాలంలో తడిసి బరువెక్కిన గడ్డిని 42 అంగుళాల డెక్‌తో కోయాలంటే కాగితం మీద 18 నుంచి 20 వరకు ఉన్నదాన్ని చూడండి.

అంతకంటే పెద్ద చిక్కు పెట్రోలుది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో జరిగిన ఇండియా ఎనర్జీ వీక్‌లోనే ఈ20 పెట్రోలును ప్రారంభించారు. 2025కల్లా దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే సాధారణమైపోయింది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, కోలర్, కవాసాకి వంటి మోవర్ ఇంజన్ల తయారీదారులు సాధారణంగా 10 శాతం వరకే అనుమతిస్తారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎక్కువ కాలం నిలవ ఉంటే కార్బురేటర్ సన్న రంధ్రాలను, రబ్బరు గొట్టాలను పాడు చేస్తుంది. అందువల్ల ఏ పెట్రోలు పోస్తే వారంటీ వర్తిస్తుందో అమ్మేవారి చేత కాగితం మీద రాయించుకోండి. ఎండాకాలంలో కోత తగ్గినప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో ఉన్నది కూడా అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపేయండి. నా దగ్గరికి వచ్చే మోవర్లలో స్టార్ట్ కానివన్నీ దాదాపుగా మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్రోలుతో మూలన పడి ఉన్నవే.

గేరు బదులు హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (నూనె ఒత్తిడితో చక్రాలను తిప్పే ఏర్పాటు) ఉన్నదే తీసుకోండి. కొబ్బరి చెట్ల మధ్య క్షణానికోసారి వేగం మార్చాలి, వెనక్కి తీయాలి. పెడల్ నొక్కితే సరిపోయేదానికి క్లచ్ తొక్కి, ఆపి, గేరు మార్చే యంత్రంతో మీ తోటమాలిని మళ్ళీ అలసిపోయేలా చేయవద్దు.

కొనే ముందు దుకాణంలో ఒక పని చేయండి. ఆ మోడల్ డెక్ బెల్టు, బ్లేడు, స్పిండిల్ (బ్లేడు బిగించే ఇరుసు), ఈ మూడూ బయటికి తీసి చూపించమనండి. తెప్పిస్తామంటే నమ్మకుండా, అల్మరాలో ఉన్నవాటిని కళ్ళారా చూడండి. బెల్టు కొలత దొరికితే జేసీ రోడ్డులో కొనుక్కోవచ్చని కొందరు అంటారు. కానీ డెక్ బెల్టు సాధారణ వీ బెల్టు కాదు. బ్లేడు తిప్పడం మొదలుపెట్టేటప్పుడు పుల్లీ మీద జారుతూ బిగుసుకునేలా అరమిడ్ దారాలతో చేస్తారు. మామూలు బెల్టు వేస్తే తొందరగా కాలి, గట్టిపడి తెగిపోతుంది. బ్లేడు మధ్య రంధ్రం కూడా చాలా మోడళ్ళలో నక్షత్రం ఆకారంలో ఉంటుంది. దాన్ని గుండ్రంగా తొలిపించి బిగించిన బ్లేడును నేను ఒకసారి విప్పాను; బోల్టు సగం అరిగిపోయి ఉంది. బ్లేడు కొస గంటకు 300 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, అది ఊడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

చివరిగా, సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. మనిషి సీటు మీద నుంచి లేస్తే బ్లేడు ఆగిపోయేది దానివల్లనే. దిగినప్పుడల్లా ఇంజను ఆగిపోతోందని చాలా మంది మెకానిక్‌ల చేత దాన్ని తీగతో కలిపేయిస్తారు. ఎవరు సలహా ఇచ్చినా ఆ పని మాత్రం చేయనివ్వకండి.

సమాధానం (దేవనహళ్ళి నుంచి)

మినీ ట్రాక్టరు గురించి అడిగారు కనుక ఆ ఒక్క విషయం చెబుతాను. మా తోటలో 15 హార్స్‌పవర్ మహీంద్రా యువరాజ్ ఉంది, దున్నడానికి, ట్రాలీ లాగడానికి చక్కగా పనికి వస్తుంది. అయితే దాని బరువు ముప్పావు టన్నుకు పైనే. లాన్ ట్రాక్టరు బరువు 200 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. వాన పడిన మరునాడు ఎర్రమట్టి మీద మినీ ట్రాక్టరును తిప్పితే పడే గాడులు ఎండిన తరువాత ఇటుకల్లా గట్టిపడతాయి, వాటి మీద ఏ మోవరూ సమంగా కోయలేదు. పైగా స్లాషర్ గడ్డిని కోయదు, కొట్టి చీలుస్తుంది. అడవిగడ్డి మోకాలి ఎత్తు పెరిగిన చోట అది సరైన పనిముట్టే. ఇంటి ముందు లాన్‌కు మాత్రం వద్దు.

వెనక భాగంలో మొదటి కోతకు ముందు రాళ్ళు ఏరించండి. కొబ్బరి మట్టలు, రాలిన కాయలు, డ్రిప్ గొట్టాలు కూడా గడ్డిలో కనబడకుండా ఉంటాయి. అంత ఎత్తు గడ్డి మీదికి కొత్త యంత్రాన్ని నేరుగా తోలకుండా, ఒకసారి స్లాషర్ ఉన్న ట్రాక్టరును అద్దెకు పిలిపించి ఎండ కాసే రోజుల్లో కోయించి, ఆ తరువాత మీ మోవర్‌తో నిలబెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు (దొడ్డబళ్ళాపుర నుంచి)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా తోటమాలితో కలిసి రసమట్టంతో కొలిచాము. వెనక భాగంలో ఎక్కువ మేర 12 నుంచి 15 సెంటీమీటర్ల లోపే వచ్చింది. కుంటకు ఆనుకుని ఉన్న నాలుగైదు మీటర్ల పట్టీలో మాత్రం 30 సెంటీమీటర్ల వరకు ఉంది. కనుక జీరో టర్న్ ఆలోచన మానుకున్నాము, హైడ్రోస్టాటిక్ లాన్ ట్రాక్టరే చూస్తాము. ఆ పట్టీని ఏం చేయాలి? అలాగే గడ్డి సంచిలో పోగయ్యే ఏర్పాటు కావాలా, లేక అక్కడే తునకలు చేసి వదిలే మల్చింగ్ చాలా?

సమాధానం (కనకపుర రోడ్డు నుంచి)

కొలిచి చెప్పినందుకు సంతోషం అండీ. 30 సెంటీమీటర్లంటే 15 డిగ్రీలు దాటినట్టే, ఆ పట్టీలోకి రైడింగ్ మోవర్‌ను పంపకండి. అసలు కోయాల్సిన అవసరమే లేకుండా అక్కడ వట్టివేరు నాటించండి. దాని వేళ్ళు నేరుగా లోతుకు దిగి గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచుతాయి. పట్టీ ఎగువ అంచు నుంచి పైకి, యంత్రం వెడల్పుకు రెండింతల దూరంలో వరుసగా కర్రలు పాతి వాటికి రంగు వేయించండి. ఆ కర్రలు దాటి యంత్రం దిగకూడదని నియమం పెట్టుకుంటే, కొత్తగా ఎవరు నడిపినా తెలుస్తుంది.

సంచి మీద డబ్బు పెట్టవద్దు. వారానికోసారి కోస్తూ, గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకుండా ఉంటే మల్చింగ్ చాలు. ఆ తునకలు నేలలో కలిసి నత్రజనిని తిరిగి ఇస్తాయి. వరుసగా వానలు పడి కోత ఆలస్యమైనప్పుడు మాత్రం మల్చింగ్ ప్లగ్ (చూట్‌ను మూసే మూత) తీసివేసి పక్కకు చిమ్మించండి, లేకపోతే తడి ముద్దలు కట్టి కింది గడ్డి పసుపుబారుతుంది. ఆ చిమ్మిన గడ్డిని ఆవులకు వేయాలనుకుంటే అప్పటికప్పుడే వేయాలి. కుప్పగా ఉంటే కొన్ని గంటల్లోనే వేడెక్కి పులిసిపోతుంది. ఇంటి ముందు గరికకు డెక్‌ను నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో, వెనక భాగానికి ఆరు సెంటీమీటర్ల ఎత్తులో పెట్టుకోండి.

డబ్బు కట్టే ముందు యంత్రాన్ని మీ స్థలానికే తెచ్చి చూపించమని అడగండి. ఒక మాదిరి వాన పడి, పైపై తడి ఆరిన మరునాడు రమ్మనండి. దుకాణం మనిషి కాకుండా మీ తోటమాలే సీటు మీద కూర్చుని, మీరు కొలిచిన 15 సెంటీమీటర్ల వాలు మీద ఎక్కి దిగాలి, చెట్ల మధ్య తిప్పాలి, పెడల్ మీద కాలు, చక్రం మీద చేయి హాయిగా అందుతున్నాయో లేదో ఆయనే చెప్పాలి. ఆయన సరేనన్న యంత్రానికే అడ్వాన్సు ఇవ్వండి.