కోరంగి బురదలో పిట్టలు ఎప్పుడు కనబడతాయి?

కొత్త బైనాక్యులర్:
అందరికీ నమస్తే. మాది సిద్దిపేట దగ్గర. ఉద్యోగం కాకినాడకి మారి ఏడు నెలలైంది. గోదావరి సముద్రంలో కలిసే చోట పిట్టలు వేలల్లో దిగుతాయని విని 8×42 బైనాక్యులర్ కొన్నా. మే నెలలో ఒక ఆదివారం కుంభాభిషేకం రేవుకి వెళ్తే నాలుగు కొంగలు, కాకులు, కుక్కలు. మిగతాదంతా బురద. ఎక్కడో దూరంగా ఆవాలు చల్లినట్టు ఏవో కదిలాయి గానీ ఏమిటో తెలిస్తే ఒట్టు. జులైలో కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద గంటన్నర నడిచి, దోమలకి భోజనం పెట్టి వచ్చా. ఇప్పుడు సెప్టెంబరు. ఏ నెలలో, ఎన్ని గంటలకి వెళ్లాలి? బైనాక్యులర్ రేటు మా ఇంట్లో వాళ్లు ఇంకా మర్చిపోలేదు.

తిథి నోట్‌బుక్:
బాబూ, నెల సంగతి తర్వాత. ముందు పోటు చూసుకోవాలి. మీరు వెళ్లినప్పుడు నీళ్లు బాగా తీసి ఉంటాయి. అప్పుడు పిట్టలు నీటి అంచున ఉంటాయి, మనం ఒడ్డున ఉంటాం. ఆ ఆవాలే మీరు వెతికే పిట్టలు! పోటు పూర్తిగా ఎక్కడానికి రెండు గంటల ముందే వెళ్లి, ఒకచోట కదలకుండా కూర్చోండి. నీళ్లు ఎక్కే కొద్దీ అవే మీ వైపు నడిచొస్తాయి. ఆలస్యం చేశారా, బురదంతా మునిగిపోయి మంద లేచిపోతుంది.

పోటు రోజూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ప్రతి ఆదివారం ఏడింటికి అంటే కుదరదు. కాకినాడ టైడ్ టేబుల్ ఫోన్లో దొరుకుతుంది. నేను మాత్రం ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి కూడా గోడ క్యాలెండర్‌లో తిథే చూస్తా. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుంది, అష్టమికి నీరసం. ఇంకో తిరకాసు ఉంది. పొద్దున సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు, పిట్టలన్నీ బొగ్గుముక్కల్లా కనబడతాయి. సాయంత్రం పోటు దొరికితే వదలొద్దు.

ఆగస్టు చివర్నించి వలస పిట్టలు దిగుతుంటాయి, నవంబరుకి నిండుతాయి. నాకు ఇష్టమైన రోజులు చొల్లంగి అమావాస్య, అంటే పుష్య మాసం అమావాస్య చుట్టుపక్కల. అందరూ పుణ్యస్నానానికి వస్తే, నేను రెండు మునకలేసి అట్నుంచి అటే రేవుకి పోతా. అదృష్టం బాగుంటే స్కిమ్మర్లు కనబడతాయి. నారింజ రంగు ముక్కు, కిందిది పైదాని కన్నా పొడుగు. ఆ కింది ముక్కుతో నీటిని గీసుకుంటూ ఎగురుతాయి, గుడ్డని కత్తెరతో చీల్చినట్టు. గుడ్లు పెట్టేది చంబల్ లాంటి నదుల ఇసుక దిబ్బల మీద.

అందరూ స్కిమ్మర్ వెంట పడతారు గానీ నా ఓటు గ్రేట్ నాట్‌కి. చూడ్డానికి ఏమీ ఉండదు, బూడిద రంగు, పావురం కన్నా చిన్నది. గుల్లల్ని పెంకుతో సహా మింగేసి కడుపులోనే నూరుకుంటుంది. పిల్లల్ని చేసేది సైబీరియాలో. ఈ జాతి దారిలో ఆగి తినే పెద్ద బురదల్లో ఒకటి కొరియాలో సేమంగమ్. 2006లో అక్కడ సముద్రానికి అడ్డంగా 33 కిలోమీటర్ల గోడ పూర్తి చేసి పోటు రాకుండా మూసేశారు. ఇప్పుడిది అంతరించే ప్రమాదమున్న జాతుల్లో ఉంది. మన బురద మీద ఒక్కటి నింపాదిగా తింటూ కనబడినా ఆ పూట నేను ఇంకేమీ వెతకను.

ఏప్రిల్లో ఒక్కసారి వెళ్లండి. చలికాలమంతా బూడిద పూసుకున్న కర్ల్యూ శాండ్‌పైపర్లు తిరుగు ప్రయాణానికి ముందు ఇటుక రంగులోకి మారుతుంటాయి. మేలో మిగిలేవి ఎక్కువగా ఆ ఏడు ప్రయాణం పెట్టుకోని కుర్ర పిట్టలు.

బురదలోకి మాత్రం దిగకండి. నేనొకసారి దిగి మోకాలి దాకా కూరుకుపోయా. వల సర్దుకుంటున్న కుర్రాడు తెడ్డు అందించి లాగాడు. నేను పైకొచ్చా, చెప్పు రాలేదు.

రేవు కుర్రాడు:
మేడమ్ గారు చెప్పింది కరెక్టండి. మా నాన్నది వల పనేనండి. మా ఇంట్లో బురద మీద పరిగెత్తేవన్నీ ఉల్లంకి పిట్టలే, ఇన్ని పేర్లున్నాయని నాకు ఈ మధ్యే తెలిసింది. అన్నా, నువ్వు మేలో వచ్చావు కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మెకనైజ్డ్ బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. బోట్లు చేపలు దించుతుంటే గద్దలు ఎలా తిరుగుతాయో చూడాలంటే మిగతా రోజుల్లో రావాలి. వరదప్పుడు ఎర్రనీరు దిగితే మేం పులస ధర తప్ప ఇంకేదీ పట్టించుకోం, పిట్టల్ని అస్సలు అడగొద్దు. ఇంకోటి, కుక్కల్ని అదిలించకు. అవి పరిగెడితే మంద మొత్తం లేచిపోద్ది.

కొత్త బైనాక్యులర్:
టీచర్ గారూ, తమ్ముడూ, థాంక్స్. మొన్న పౌర్ణమికి లీవు పెట్టి వెళ్లా. రెండు గంటల ముందే కూర్చున్నా. మొదటి గంట మళ్లీ ఆవాలే. తర్వాత నిజంగానే నడుచుకుంటూ వచ్చాయి! ఒకటి నాకు పది గజాల దూరానికి వచ్చింది. నారింజ కాళ్లు, ముక్కు కొంచెం పైకి వంగి ఉంది. వంగి పరిగెత్తి చిన్న పీతని పట్టింది. వెంటనే మింగలేదు. నీటి అంచుకి తీసుకెళ్లి, రెండు మూడు సార్లు ముంచి కడిగి, అప్పుడు తింది. ఏం పిట్ట అది? ఫోటో తీయడం మర్చిపోయా, చూస్తూ ఉండిపోయా.

తిథి నోట్‌బుక్:
టెరెక్ శాండ్‌పైపర్. పీత కడగడం చూశారంటే ఇంక పేరు మర్చిపోరు. పది గజాలంటున్నారు, ఒడ్డు మీద నుంచేనా?

కొత్త బైనాక్యులర్:
ఎడమ చెప్పు పోయిందండి.