నాట్యకప్ప కాలు చాచడానికి కారణం వాగు హోరా, తోటి మగకప్పలా?

వాగుగట్టు:
పశ్చిమ కనుమల సెలయేళ్లలో, తడిరాళ్ల రంగులోనే కలిసిపోయే మైక్రిక్సాలస్ ప్రజాతి గోధుమరంగు కప్పలు ఉన్నాయి. నాట్యకప్పలంటే ఇవే. మగకప్ప రాతి మీద కూర్చుని, ఒక వెనుక కాలిని పూర్తిగా చాచి, వేళ్ల నడుమ పొరను విప్పి చూపి, మళ్లీ ముడుచుకుంటుంది. నీటి హోరులో కూత వినబడదు కనుకనే ఈ సైగ పుట్టిందని నా వాదన. బోర్నియో వాగుల్లోని స్టారోయిస్ కప్పలు వేరే కుటుంబానికి చెందినవైనా ఇదే పని చేస్తున్నాయి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది హోరే కదా?

రాతిమడుగు:
వాగుగట్టు గారూ, హోరు కూతను మింగేస్తుంటే ఈ కప్పలు ఇంత శ్రమపడి కూయడం దేనికి? 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరిశోధకులు వాగు దగ్గరే కూతను వినిపిస్తూ, గొంతుసంచిలా ఉబ్బే చిన్న బుడగను కూడా చూపించారు. కూత ఒక్కటే వినిపించినప్పటికంటే బుడగ తోడైనప్పుడు మగకప్పలు ఎక్కువగా స్పందించి, ఎక్కువ సైగలు చేశాయి. కూత వినబడడానికి నీటి శబ్దం అడ్డు కావడం లేదని, పక్కపక్కనే కూసే సాటి మగకప్పల గోలే అసలు అడ్డంకి అని వారు తేల్చారు. చోటు కోసం ఈ మగకప్పలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి కూడా. ఆ తన్నే మొదట బెదిరింపుగా, తర్వాత సైగగా మారిందన్న వివరణ నాకు సబబుగా తోస్తోంది.

ఇసుకతిన్నె:
ఇంకో సంగతి కూడా చూడండి. వీటి సంతానోత్పత్తి వానలు తగ్గి వాగు నెమ్మదించిన తర్వాతే ఎక్కువగా జరుగుతుంది. హోరే కారణమైతే ఆ కాలాన్ని ఎంచుకోవడం విచిత్రమే. పైగా ఆడకప్ప వెనుక కాళ్లతోనే వాగు అడుగును తవ్వి గుడ్లు పెట్టి ఇసుకతో కప్పుతుంది కనుక, ఉధృత ప్రవాహంలో ఆ పని సాగదు. పిల్లలూ ఇసుకలోనే దాగి పెరుగుతాయి. అందుకే కాబోలు, ఈ కుటుంబపు టాడ్‌పోల్‌లు 2016 వరకు శాస్త్రవేత్తల కంట పడలేదు.

వాగుగట్టు:
ఋతువు సంగతి నేను ఆలోచించలేదు. అది బలమైన వాదనే. అయితే ఇప్పుడు కూత వినబడుతోందన్నది ఈనాటి ఉపయోగానికి సంబంధించిన సాక్ష్యం, పుట్టుకకు సంబంధించినది కాదు. హోరును జయించే కూత తర్వాత ఏర్పడి ఉండవచ్చు. 2014లో కప్పల శాస్త్రవేత్త ఎస్.డి. బిజు బృందం ఈ నాట్యకప్పల్లో ఒకేసారి 14 కొత్త జాతులను వర్ణించింది కదా, వాటిలో మెల్లని నీటి పక్కన ఉండేవి కాలు తక్కువగా చాస్తాయా అన్నది కొలిస్తే మన తగవు కొంత తేలుతుంది.

రాతిమడుగు:
దానికి నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే మగకప్పలు ఎంత దగ్గరగా కూర్చుంటాయో కూడా కలిపి కొలవాలి. లేకుంటే మళ్లీ నీటినే తప్పుపడతాం.