ఆఫ్రికాలో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ ఏది? డాలర్లలో కొలవడం సరైనదేనా?

ప్రశ్న:
2014లో నైజీరియా దక్షిణాఫ్రికాను దాటేసి ఖండంలో మొదటి స్థానానికి వచ్చిందన్నారు. పదేళ్లు తిరిగేసరికి, 2024 ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) లెక్కల్లో దక్షిణాఫ్రికా, ఈజిప్టు, అల్జీరియాల వెనక నాలుగో స్థానంలో ఉంది. నా దృష్టిలో ఇది పతనమే. డాలర్ లెక్క వద్దంటే దేశాలన్నిటికీ ఉమ్మడి కొలబద్ద ఇంకేముంది?

జవాబు:
పతనమంటే ఒప్పుకోను. అసలు ఆ ఎక్కడమే ఎలా జరిగిందో చూడండి. 2014 ఏప్రిల్ వరకు నైజీరియా జీడీపీని, అంటే ఏడాదిలో దేశంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువను, 1990ని ఆధార సంవత్సరంగా పెట్టుకుని, అంటే ఆ ఏటి ధరలు, రంగాల వాటాలే ప్రాతిపదికగా, లెక్కించేవాళ్లు. 1990 నాటికి అక్కడ సెల్‌ఫోన్ల వ్యాపారం లేదు, నాలీవుడ్ (నైజీరియా సినీ పరిశ్రమ) ఇంకా మొదలే కాలేదు. ఆధార సంవత్సరాన్ని 2010కి జరపగానే 2013 జీడీపీ దాదాపు 89 శాతం పెరిగి 51,000 కోట్ల డాలర్లకు చేరింది. అందుకోసం కొత్తగా ఒక్క ఫ్యాక్టరీ కూడా రాలేదు. ఎప్పటినుంచో ఉన్నదే లెక్కకెక్కింది.

దిగడం సంగతీ అంతే. 2023 జూన్‌లో నైజీరియా కరెన్సీ నైరా రేటును మార్కెట్‌కు వదిలేశారు. డాలరుకు 460 దగ్గరున్నది 2024 ఫిబ్రవరికి 1,500కు చేరింది. ఆ రెండేళ్లలో ధరల పెరుగుదల తీసేసి చూసినా దేశ ఉత్పత్తి పెరిగిందే తప్ప తగ్గలేదు. నైరాలను డాలర్లలోకి మార్చేటప్పుడు భాగించే అంకె మూడింతలైతే వచ్చే ఫలితం కుంచించుకుపోదా? పైగా ఆ 460 ప్రభుత్వం పట్టి నిలబెట్టిన రేటు. వాపును చూసి బలుపనుకున్నాం.

మరో జవాబు:
అందుకే పీపీపీ, అంటే ఒక దేశపు డబ్బుతో ఆ దేశంలో ఎంత కొనగలమన్న లెక్క, చూడాలంటాను. అలా చూస్తే ఖండంలో పెద్దది ఈజిప్టు.

ప్రశ్న అడిగినవారు:
ఆధార సంవత్సరం విషయంలో మీ మాటే నిజం, నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. పీపీపీ దగ్గర మాత్రం ఆగుతాను. విదేశీ అప్పు పీపీపీతో తీరదు. ఈజిప్టు ప్రపంచంలోనే అతిపెద్ద గోధుమ దిగుమతిదారుల్లో ఒకటి. 2024 మార్చిలో అక్కడి పౌను డాలరుకు 31 నుంచి 50 దగ్గరకు పడింది. పీపీపీ వరుసలో దాని చోటు కదల్లేదు, కానీ అంతే గోధుమకు ఒకటిన్నర రెట్లకు పైగా పౌన్లు పోయాయి. ఆ దెబ్బను చూపించేది డాలర్ లెక్కే.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అప్పు, దిగుమతుల మాటకొస్తే డాలర్ లెక్కే సరి. నా అభ్యంతరం ఆ వరుసను జనం బతుకుకు కొలతగా వాడటం మీద. 2025 జులైలో నైజీరియా మళ్లీ ఆధార సంవత్సరం మార్చింది, ఈసారి 2019కి. 2024 జీడీపీ దాదాపు 24,300 కోట్ల డాలర్లని తేలింది, అయినా నాలుగో స్థానమే. అది 22 కోట్లకు పైగా జనం పంచుకోవాల్సిన మొత్తం. దక్షిణాఫ్రికాలో ఉన్నది 6 కోట్ల పైచిలుకే. నైజీరియా రేపు మళ్లీ మొదటి స్థానానికి వచ్చినా, తలసరి లెక్కలో దక్షిణాఫ్రికాకు చాలా దూరంలోనే ఉంటుంది.