నకలు ఈమ్స్ కుర్చీ కొనడం తప్పా? హనుమకొండ నుంచి ఒక ప్రశ్న

హనుమకొండ వాసి:
మా నాన్న మార్చిలో ఉద్యోగ విరమణ చేశారు. ముప్పై నాలుగేళ్లు కౌంటర్ వెనక నిటారుగా కూర్చున్న మనిషి. వాలి కూర్చుని పేపరు చదువుకునేందుకు మంచి కుర్చీ కొనిద్దామని అన్నదమ్ములం అనుకున్నాం. ఇక్కడే ఒక దుకాణంలో నల్ల తోలు మెత్తలు, వంపు తిరిగిన చెక్క చిప్పలు, కాళ్లు చాపుకోవడానికి జతగా ఒక పీట ఉన్న కుర్చీ కనిపించింది. ధర 58 వేలు. దుకాణదారు దాన్ని 'ఈమ్స్ కుర్చీ' అన్నాడు.

అది ఈమ్స్ కుర్చీ కాదు, దాని నకలు. చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు 1956లో రూపొందించిన కుర్చీని అప్పటి నుంచీ హెర్మన్ మిల్లర్ సంస్థ తయారు చేస్తోంది. అసలుది కొనాలంటే లక్షలు పోయాలి. 'ఒకరి బుర్రలోంచి దొంగిలించిన వస్తువును నాన్నకు ఎలా ఇస్తాం?' అని తమ్ముడు అడ్డం తిరిగాడు. డెబ్బై ఏళ్ల నాటి ఆకారం ఇంకా ఒకరి సొత్తేనా అన్నది నా మాట. ఇద్దరి మధ్యా తెగలేదు. మీరేమంటారు?

కాజీపేట వకీలు:
ముందు చట్టం సంగతి. మన దేశంలో 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం నమోదైన ఆకృతికి పదేళ్ల రక్షణ ఉంటుంది, గడువు పెంచుకుంటే మరో ఐదేళ్లు. 1956 నాటి ఆకారానికి ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. అయితే పేరు సంగతి వేరు. ఆ సంస్థ పేరు, ఈమ్స్ పేరు వాణిజ్య చిహ్నాలు, వాటికి గడువు తీరడం ఉండదు, పునరుద్ధరించుకుంటూ పోవచ్చు. మన 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం వస్తువు ఆకారాన్ని కూడా చిహ్నంగా నమోదు చేసుకోనిస్తుంది. అమెరికాలో ఈ కుర్చీ ఆకారం మీదే నడిచిన వ్యాజ్యం 2001లో అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. ఇంట్లో వేసుకోవడానికి కొన్న మిమ్మల్ని ఎవరూ కోర్టుకు ఈడ్చరు. ఆ పేరు చెప్పి అమ్మినవాడికే చిక్కు.

కొత్తవాడ మగ్గం:
వకీలు గారూ, చట్టం మాట సరే. మగ్గం ముందు కూర్చునేవాళ్ల మాట కూడా వినండి.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఇక్కడి నేతకే చెందుతుందనే జీఐ నమోదు) వచ్చింది. ఆ ఏడాది మా వీధిలో అందరి ముఖాలూ వెలిగాయి. కానీ సంతలోకి వెళ్తే ఇప్పటికీ యంత్రం మీద నేసి పైన రంగు అచ్చు కొట్టినవి వరంగల్ పేరుతోనే దొరుకుతాయి. తేడా తెలుసుకోవాలంటే అంచు పట్టుకుని తిరగేయండి చాలు. మా నేతలో ముందు ఎంత నిండుగా ఉంటుందో వెనకా అంతే, ఎందుకంటే రంగు నూలుకే పడుతుంది. అచ్చు కొట్టినదాని వెనక వెలిసిపోయిన నీడ కనిపిస్తుంది. మా నాన్న వారం రోజులు నేసినదాన్ని, సగం ధరకు అచ్చు వేసింది చూపించి బేరం చేస్తారు.

మనది నకలు చేస్తే అన్యాయం అని, అమెరికావాళ్లది నకలు చేస్తే చవక అని అనలేను. మీ తమ్ముడి మాటే నా మాట.

నిర్మల్ పాఠకురాలు:
మీ బాధ అర్థమైంది అన్నా, కానీ ఆ రెండూ ఒకటి కావు. జంపఖానా నకలు వల్ల పోయేది నేసేవాడి నోటి దగ్గరి కూడు. చార్లెస్ 1978లోనే పోయారు, రే 1988లో. ఇప్పుడు లాభం తీసుకునేది సంస్థలు, వారసులు.

పైగా తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి మంచి వస్తువు అందాలన్నది ఆ దంపతులు జీవితమంతా పట్టుకున్న మాట. వాళ్లు ముందు చేసిన ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్ కుర్చీలన్నీ ఆ దారిలోనివే. ఈ తోలు కుర్చీ మాత్రం మొదటి నుంచీ డబ్బున్నవాళ్ల ఇళ్లకని చేసింది.

ఇంకో విషయం మనకు దగ్గరిది. మన ప్రభుత్వం పిలిస్తే వాళ్లు దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ 1961లో పుట్టడానికి అదే పునాది. మన దేశంలో చూసిన వస్తువులన్నిటిలో వాళ్లు అందరికంటే గొప్పదన్నది ఏదో తెలుసా? చెంబు. దాన్ని ఏ ఒక్కరూ రూపొందించలేదు, తరతరాలుగా ఎందరో కొద్దికొద్దిగా దిద్దుకుంటూ వచ్చారని రాశారు. ఒకరిది చూసి ఇంకొకరు చేయకపోతే ఆ చెంబు వచ్చేదా?

కొత్తవాడ మగ్గం:
చూసి నేర్చుకుని తన చేత్తో ఇంకాస్త బాగా చేసినవాడు చెంబు చేశాడు. చూసి అచ్చు దించి, పేరు కూడా అదే పెట్టి అమ్మినవాడిని ఆ వరసలో కూర్చోబెట్టకండి చెల్లీ.

ములుగు వడ్రంగి కొడుకు:
మీరంతా పేరు గురించి మాట్లాడుతున్నారు. నేను చెక్క గురించి చెబుతాను.

పోయినేడు ఇలాంటి నకలు ఒకటి మా కార్ఖానాకు మరమ్మతుకు వచ్చింది. కొని రెండేళ్లు కూడా కాలేదు. ఒక పక్క వీపు చిప్ప ఊడి వేలాడుతోంది. నాన్న దాన్ని బల్ల మీద బోర్లించి, మెత్తలు తీసి చూపించారు. అసలు కుర్చీలో తల, వీపు, కూర్చునే చోటు అని మూడు చిప్పలు. మొదట్లో ఐదు పొరలతో చేసేవారు, ఇప్పుడు ఏడు పొరలు. పొరలకు జిగురు పూసి, వేడితో, ఒత్తిడితో అచ్చులో వంచుతారు. బయటి నుంచి ఒక్క మర కూడా కనబడదు. చేతి ఆనుడు కింద లోహపు ముక్క ఉన్న రబ్బరు బిళ్లను చిప్ప లోపలి ముఖానికి అంటిస్తారు, మర దానికే బిగుస్తుంది. మనిషి వాలినప్పుడు ఆ రబ్బరు కొద్దిగా సాగి వీపుతో కదులుతుంది. ఏళ్లు గడిచాక అసలు కుర్చీల్లోనూ ఆ రబ్బరు ఎండి విడిపోతుంది, కానీ మళ్లీ అంటించుకోవచ్చు.

మా దగ్గరికి వచ్చినదానిలో రబ్బరు లేదు. చిప్పకే నేరుగా మరలు దింపారు. మర చుట్టూ పొరలు పుస్తకం పేజీల్లా విచ్చుకున్నాయి. నాన్న గోటితో గీరితే పై పొర కాగితం లేచినట్టు లేచింది. మర రంధ్రం ఒకసారి పెద్దదైతే చిప్ప మొత్తం మార్చాల్సిందే. అలాంటి చిప్ప ఎవరు చేసిస్తారు? అందుకే తిప్పి పంపించాం. తోలు అనుకున్నది కూడా రెక్సినే, మడత దగ్గర బట్ట బయటపడింది.

దుకాణంలో ఇవి చూసుకోండి. అసలు కుర్చీకి కింద ఐదు కొమ్మల పాదం, పీటకు నాలుగు. చాలా నకళ్లలో కుర్చీకీ నాలుగే ఉంటాయి. అసలుది కూర్చున్న చోటే తిరుగుతుంది, వాలు మాత్రం మారదు. వెనక్కి ఊగితే అది అసలుది కాదు.

చివరగా అసలు సంగతి. ఆ కుర్చీ ఎత్తు తక్కువ, కూర్చునే చోటు వెనక్కి వాలి ఉంటుంది. నాన్నగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? మే నెలలో మన దగ్గర కరెంటు పోయినప్పుడు ఆ మందపాటి మెత్తల మీద ఎంతసేపు కూర్చోగలరు?

కాజీపేట వకీలు:
అసలుదీ మారుతూనే వచ్చిందని గుర్తు చేస్తాను. మొదటి కుర్చీలకు వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద 1992లో అంతర్జాతీయ వ్యాపార నిషేధం వచ్చింది. ఇప్పుడు వేరే చెక్క పొరలు వేస్తున్నారు.

హనుమకొండ వాసి:
ఆదివారం నాన్నను దుకాణానికి తీసుకెళ్లాను. కూర్చోగానే కళ్లు మూసుకున్నారు. పది నిమిషాలు మాట్లాడలేదు. ఆ ముఖం చూసి డబ్బు తీసి ఇచ్చేద్దాం అనిపించింది. తర్వాత లేవబోయారు. రెండు చేతులూ ఆనించి, ఒకసారి కాక రెండోసారికి లేచారు. 'కూర్చోవడం బాగుంది రా, లేవడానికే ఇంకొకరు కావాలి' అన్నారు.

ములుగు తమ్ముడు చెప్పినట్టు వంగి కింద చూశాను. నాలుగు కొమ్మలు. వీపు చిప్ప మీద రెండు మరల తలలు, వాటి మీద నల్ల రంగు. బిల్లులో 'నకలు' అని రాసిస్తారా అని అడిగితే దుకాణదారు రాయనన్నాడు. ఆ ఆకారంతో ఎవరైనా గట్టిగా కుర్చీ చేసి, తమ పేరుతో అమ్మితే నేనిప్పటికీ కొంటాను, నిర్మల్ చెల్లెలి మాటతో అక్కడిదాకా ఏకీభవిస్తాను. ఇంకొకరి పేరు పెట్టి అమ్మేది కొనను. తమ్ముడు మొదటి సగానికి కూడా ఒప్పుకోవడం లేదు, వాదన ఇంట్లో నడుస్తూనే ఉంది.

ములుగు తమ్ముడూ, టేకుతో, పేము అల్లికతో పడక కుర్చీ చేసిస్తారా? కాళ్లపీట కూడా కావాలి.

ములుగు వడ్రంగి కొడుకు:
చేస్తామన్నా. నాన్నగారిని గోడకు ఆనించిన బల్ల మీద కూర్చోబెట్టి, చెప్పులు లేకుండా, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కొలిచి పంపండి. వీపు నుంచి మోకాలి మడత దాకా ఇంకో కొలత. రెండు కాళ్లూ కొలవండి, వయసు పైబడినవాళ్లకు ఒకోసారి తేడా ఉంటుంది.